పది నలభై రెండు బండి

మా ఆయన ప్రార్థన మొదలుపెడితే టీ చల్లారిపోతుంది. కోపంతో అంటున్న మాట కాదిది. ముప్పై ఒక్క ఏళ్ళుగా చల్లారిన టీ తాగుతున్న మనిషిగా చెబుతున్నాను. అన్నం ముందు ప్రార్థన, బస్సెక్కే ముందు ప్రార్థన, గేదె ఈనే ముందు ప్రార్థన, ఈనాక కృతజ్ఞత ప్రార్థన. మనుబోలులో మా చర్చి సంఘం వాళ్ళ ఇళ్ళలో పెళ్ళి జరిగితే, ముగింపు ప్రార్థన మాత్రం సంజీవరావుకి ఇవ్వొద్దని పెద్దలు ముందే అనుకుంటారు. ఒకసారి ఇచ్చి చూశారు. బిరియానీ గడ్డకట్టింది.

ఇంకో పట్టింపు కూడా ఉంది ఆయనకి. ప్రార్థనలో కళ్ళు తెరవకూడదు. ఇల్లు తగలబడుతున్నా ఆమెన్ అన్నాకే కళ్ళు తెరవాలి. ఆయన దృష్టిలో మధ్యలో కళ్ళు తెరవడమంటే రైలు పోకముందే గేటు ఎత్తేయడం లాంటిది.

గేటు మాట ఊరికే రాలేదు. మా ఆయన రైల్వేలో గేట్‌మ్యాన్. మనుబోలు దాటాక పొలాల మధ్య ఉండే లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర ముప్పై నాలుగేళ్ళు చేసి, మూడేళ్ళ కిందట రిటైరయ్యాడు. గేటు పక్కనే మా రెండు గదుల క్వార్టర్. నేను అక్కడే మిషను మీద జాకెట్లు కుట్టేదాన్ని. రైలు పోయినప్పుడల్లా దారం తెగేది.

నా రహస్యం కూడా చెప్పేస్తాను. ఆయన ప్రార్థనలో నేను రెండు కళ్ళూ మూసుకోను. మా ఏంజెలిన్‌కి ఏడాదిన్నర ఉన్నప్పుడు ఒక సాయంత్రం ఇద్దరం చాపమీద మోకరించి ఉన్నాం. ఆయన అప్పుడే లోకంలోని రోగులందరి దాకా వచ్చాడు. నాకెందుకో అనుమానం వచ్చి కన్ను తెరిస్తే, చాప మీద పిల్ల లేదు. గడప దాటి, ముళ్ళకంచె కింద నుంచి దూరి, పట్టాల పక్కన కంకర రాళ్ళు ఏరుకుంటోంది. నేనెట్లా పరిగెత్తానో నాకే తెలియదు. పిల్లని చంకలో వేసుకుని వెనక్కి తిరిగాక అయిదు నిమిషాలకి గూడ్సు పోయింది. ఆ రోజు నుంచీ నాకు ఒక కన్ను దేవుడికి, ఒక కన్ను పిల్లకి.

ఆ పిల్లే ఇప్పుడు చెన్నైలో మెట్రో రైలు నడుపుతోంది. రాళ్ళు ఏరుకున్నప్పుడే నాకు అర్థమై ఉండాల్సింది.

చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఎక్కడుంటే అక్కడే ఉండేది. రైలు పోయేటప్పుడు గేట్‌మ్యాన్ పచ్చజెండా పట్టుకుని చెయ్యి పక్కకి చాచి నిలబడాలి. ఇంజిన్‌లోంచి డ్రైవరు కూడా చెయ్యి చాచి జవాబివ్వాలి. అంతా బాగుంది పో అని ఈయన చెప్పడం, చూశాను పోతున్నాను అని డ్రైవరు చెప్పడం. దాన్ని మా ఆయన 'ఆల్‌రైట్' అనేవాడు. ఏంజెలిన్ ఆయన పక్కన నా పాత జాకెట్ గుడ్డ ఏదో పట్టుకుని, అంతే బిగువుగా చెయ్యి చాచి నిలబడేది. కొందరు డ్రైవర్లు రెండు చేతులూ చాచేవాళ్ళు, ఒకటి ఆయనకి, ఒకటి దానికి. ఆ రోజుల్లో వాళ్ళిద్దరి మధ్యా నాకు చోటే ఉండేది కాదు.

తర్వాత దానికి తొమ్మిదేళ్ళప్పుడు గేటు దగ్గర ఒక చావు జరిగింది. గేటు వేసే ఉంది. ఎవరో తొందర మనిషి సైకిల్ వంచి కింద నుంచి దూరాడు. మా ఆయన అరుస్తూనే ఉన్నాడు. రైలు ఎంతో దూరం పోయి ఆగింది. డ్రైవరు పట్టాల వెంట వెనక్కి నడుచుకుంటూ వచ్చి మా గడప మీద కూలబడ్డాడు. నేను నీళ్ళిస్తే గ్లాసు పట్టుకోలేకపోయాడు, చేతులు అట్లా వణికాయి. మా ఆయనే గ్లాసు పట్టుకుని తాగించాడు. "బ్రేకు వేసినా ఆగదన్నా, చూస్తా కూర్చోవడమే" అని అదే మాట ఆ డ్రైవరు పదిసార్లు అన్నాడు. నెల తర్వాత మేమంతా మామూలుగా అన్నం తింటున్నాం గాని, మా ఆయన ఇంజిన్‌లో ఉన్న మనిషిని చూసే చూపు మాత్రం మారిపోయింది.

అందుకే, ఏంజెలిన్ డిప్లొమా చేసి, పరీక్ష రాసి, మెట్రోలో ట్రైన్ ఆపరేటర్‌గా సెలెక్టయ్యానని ఎగురుకుంటూ వచ్చి చెప్పిన రోజున ఆయన ఒకే మాట అన్నాడు.

"వద్దు."

"ఎందుకు నాన్నా?"

"వద్దంటే వద్దు. ఇంకేదన్నా చెయ్. టీచరు పని చెయ్. బండి మాత్రం వద్దు."

అది ఆయన కూతురు కదా, మొండితనంలో ఒక పిసరు ఎక్కువే. వెళ్ళిపోయింది. అంతే, రెండేళ్ళు వాళ్ళ మధ్య మాటల్లేవు. ఫోన్ వస్తే ఆయన తీసి, పేరు చూసి, నా చేతికిచ్చేవాడు. కాసేపాగి "తినిందా అని అడుగు" అనేవాడు. అవతల నుంచి అదీ "నాన్న మోకాళ్ళ నొప్పులు తగ్గినాయా అని అడుగు" అనేది. నేను మధ్యలో పోస్టుమ్యాన్‌ని.

దాన్నైనా భరించాను గాని, ఒకటి మాత్రం నన్ను కోసేసింది. రాత్రి ప్రార్థనలో ఆయన అందరినీ పేరుపేరునా తలుచుకుంటాడు. మా మరిది హెన్రీనీ, వాళ్ళ పిల్లల్నీ, పాస్టరు గారినీ, కాలు విరిగిన ఎదురింటాయన్నీ, ఆఖరికి మా గేదెనీ. ఏంజెలిన్ పేరు మాత్రం రాదు. ఆ చోటు వచ్చేసరికి కొంచెం ఆగి, "ప్రయాణములలో ఉన్నవారందరినీ" అని దాటేసేవాడు. రెండేళ్ళు, రోజూ. ఒక కన్ను తెరిచి ఆయన మొహం చూస్తూ, పలకవయ్యా మహానుభావా, గేదెపాటి చెయ్యదా నీ కూతురు అని లోలోపల తిట్టుకునేదాన్ని.

ఇక అసలు సంగతి. మొన్న ఫిబ్రవరిలో ఒక గురువారం అది ఫోన్ చేసింది.

"అమ్మా, సోమవారం నాకు పర్మినెంటు కాగితం ఇస్తారు. సంతకం పెడితే అయిదేళ్ళ దాకా ఈ పని వదలకూడదు. శనివారం పొద్దున డ్యూటీలో ఉంటా. ఒకసారి నాన్నని తీసుకొనిరా. నా బండి ఎక్కమను. ఒక్క స్టేషనైనా సరే."

"ఎక్కకపోతే?"

"ఎక్కకపోతే సంతకం పెట్టను. ఇంటికొచ్చేస్తా. బండి కదిలించే ప్రతిసారీ నాన్న వద్దన్న మాటే యినపడతా ఉందమ్మా. అట్టా అయిదేళ్ళు నడపలేను."

ఆ పని దానికి ఎంత ఇష్టమో నాకు తెలుసు. మొదటిసారి ఒక్కతే నడిపిన రోజు ఫోన్‌లో ఏడ్చింది, సంతోషం పట్టలేక. నేను మిషను ఆపి ఆయన ముందు కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. అరిచాను కూడా. "దాని నోటికాడ కూడు తీసేస్తావా, ఏందయ్యా నువ్వు" అన్నాను. శుక్రవారం సాయంత్రం ఆయన తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ కనిపించాడు. సంఘంలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే బల్ల ఆదివారానికి తప్ప ఆయన చొక్కా ఇస్త్రీ చెయ్యడు.

శనివారం తెల్లవారుజామునే గూడూరులో రైలెక్కి, సూళ్ళూరుపేటలో లోకల్‌కి మారి, చెన్నై శివార్లలో అది చెప్పిన మెట్రో స్టేషన్‌కి ఆటోలో చేరాం. ఆ స్టేషన్ పేరు తమిళంలో ఇంత పొడుగుంటుంది, నాకు నోరు తిరగదు. కింద రోడ్డు, రోడ్డు మధ్యన లావుపాటి స్తంభాలు, వాటిమీద గాల్లో స్టేషన్. మా ఆయన మెడ నొప్పి పుట్టేలా తల పైకెత్తి చూశాడు.

"రైలు ఆ మిద్దె మీదా?" అన్నాడు.

ఎస్కలేటర్ దగ్గరికి వచ్చేసరికి మొరాయించాడు. కదిలే మెట్లు ఎక్కనన్నాడు. అరవై పైచిలుకు మెట్లు, మోకాళ్ళు పట్టుకుని మామూలు మెట్ల మీదే ఎక్కాడు. నేను ఎస్కలేటర్ మీద రాణిలా పోయి, పైన నిలబడి ఆయన కోసం చూస్తూ ఉన్నాను. సంచీల పరీక్షలో నా రొయ్యల పచ్చడి సీసా బయటికి తీయించారు. సెక్యూరిటీ అమ్మాయి మూత తీసి వాసన చూసి, నవ్వి మళ్ళీ నాకే ఇచ్చింది. ఆ నవ్వుకి నాకు ధైర్యం వచ్చింది.

ప్లాట్‌ఫాం మీదికి వచ్చేసరికి పదిన్నర. ఏంజెలిన్ బండి పది నలభై రెండుకి. ముందు పెట్టె ఆగే చోట, చివరాఖరున నిలబడమని అది ముందే చెప్పింది. అక్కడికి పోయి నిలబడ్డాం. అంత ఎత్తు నుంచి చూస్తే ఇళ్ళ మీది నీళ్ళ ట్యాంకులు, ఆరేసిన బట్టలు, ఆ వెనక ఎక్కడో సన్నగా సముద్రం. మా ఆయన అవేవీ చూడలేదు. కటకటాల దగ్గరికి పోయి కిందికి చూశాడు. పట్టాల వైపు వచ్చి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూశాడు. మళ్ళీ కిందికి చూశాడు. స్తంభాల కింద ఆటోలు, బస్సులు, ఒక ఎద్దుల బండి, బడిపిల్లలు, ఎవరి దారిన వాళ్ళు పోతున్నారు.

"లీలా," అన్నాడు మెల్లగా, "గేటే లేదే!"

"గాల్లో గేటెందుకయ్యా?"

"అది కాదే. గేటు లేదు. దాటేవోళ్ళే లేరు. రోడ్డు దారిన రోడ్డు పోతా ఉంది, బండి దారిన బండి. సైకిలోడు దూరేదానికి సందే లేదు." ఆయన మళ్ళీ ఒకసారి కిందికి వంగి చూశాడు. "అంటే దీని బండికి ఎవురూ అడ్డం రారు."

నాకు ఒళ్ళు మండింది. ఈ ముక్క రెండేళ్ళ నుంచీ నాతో చెప్పిస్తూనే ఉంది పిల్ల, వింటే కదా. కానీ మొహం చూశాక నోరు మూసుకున్నాను. ఆయన అయిదు నిమిషాల్లో పదహారేళ్ళ బరువు దించుకున్నట్టున్నాడు. పసుపు గీత దగ్గర కూడా నిలబడి చూశాడు, అది దాటి ఎవరైనా ముందుకొస్తే ప్లాట్‌ఫాం మీది సెక్యూరిటీ అమ్మాయి విజిల్ వేస్తోంది. ఆ విజిల్ ఆయనకి బాగా నచ్చింది.

"బండెక్కే ముందు ప్రార్థన చేసుకుందాం" అన్నాడు.

అనుకున్నాను. గడియారం చూశాను, పది ముప్పై ఏడు. "పొట్టిగా చెయ్ సామీ. అయిదు నిమిషాల్లో వచ్చేస్తాది. అరనిమిషమే ఆగుద్దంట."

"రెండు మాటలే" అని సముద్రం వైపు తిరిగి, పట్టాలకి వీపు పెట్టి, తల వంచాడు. నేను ఆయన పక్కన నిలబడి ఒక కన్ను మూసుకున్నాను.

"ప్రేమగల దేవా, పరిశుద్ధుడవైన తండ్రీ, ఈ దినమున మమ్మును సజీవుల లెక్కలో ఉంచినందుకు నీకు స్తోత్రములు..." అంటూ మొదలైంది. ఎప్పటి దారే. గూడూరు రైలుకి స్తోత్రం, సూళ్ళూరుపేట లోకల్‌కి స్తోత్రం. పది ముప్పై తొమ్మిది. ఈ మిద్దె స్టేషన్ కట్టిన కూలీలకి, మేస్త్రీలకి దీవెన. పది నలభై. ఇక మోచేత్తో పొడుద్దామనుకుంటున్నాను. అప్పుడు ఆగాడు. ఆ ఆగడం నాకు తెలుసు. ప్రయాణములలో ఉన్నవారందరినీ అనబోయే ముందు ఆగే చోటే అది.

"తండ్రీ," అన్నాడు. ఆ తర్వాత ప్రార్థన భాషంతా జారిపోయి ఇంటి మాట వచ్చేసింది. "ఆ రోజు మా గడప మీద కూర్చున్న డ్రైవరు నీకు తెలుసు. ఆయన చేతులు నీకు తెలుసు. ఆ చేతుల్లో నేను నా బిడ్డ చేతులు చూసినా తండ్రీ. అందుకే వద్దన్నా. దానికి ఆ మాట చెప్పలేకపోయినా. బయపడినానని కన్నబిడ్డకి ఎట్టా చెప్పేది..."

అప్పుడే దూరంగా మలుపులో బండి కనిపించింది.

"నా బిడ్డ ఏంజెలిన్..." అన్నాడు.

రెండేళ్ళ తర్వాత ఆ పేరు. "ఏంజెలిన్‌ని రెండేళ్ళు వీపు వెనక పెట్టుకున్నా తండ్రీ. అది తిన్నదా లేదా అని నోటితో అడగలేదు. దాని పేరు నీ దగ్గర కూడా ఎత్తలేదు, ఎత్తితే ఏడుపొస్తాదని..."

బండి వచ్చేసింది. చప్పుడు కూడా పెద్దగా లేదు, మెత్తగా వచ్చి మా పక్కన ఆగింది. క్యాబిన్ అద్దం వెనక నా కూతురు. తెల్ల చొక్కా, బిగించి కట్టిన జుట్టు. తలుపులు తెరుచుకున్నాయి. సెక్యూరిటీ అమ్మాయి "ఏరుంగమ్మా, ఏరుంగ" అంటూ ఎక్కమని చెయ్యి ఊపింది. నా చెయ్యి ఆయన మోచేతి దాకా పోయింది.

పోయి ఆగిపోయింది.

తడితే మేం బండెక్కుతాం. పిల్ల అడిగింది అదే. కానీ తడితే ఆయన ఉలిక్కిపడి, ఆమెన్ అనేసి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ ఆ పాత సంజీవరావు అయిపోతాడు. ముప్పై ఒక్క ఏళ్ళు కాపురం చేసినదాన్ని, ఆ మనిషి నాకు తెలుసు. ఆ మాటలు ఒకసారి లోపలికి పోయాయంటే మళ్ళీ బయటికి రావు. పిల్లకి కావాల్సింది బండి ఎక్కడమా, ఈ మాటా? ఏది పోగొట్టాలో అరనిమిషంలో తేల్చుకోమంటే నేనేం చెయ్యను!

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఏంజెలిన్ నన్నే చూస్తోంది. ఇప్పుడు కాదమ్మా అన్నట్టు తల అడ్డంగా ఊపాను.

తలుపులు మూసుకున్నాయి. అప్పుడు చూశాను దాని మొహం. పాలిపోయింది. అప్పటికి గాని నా బుర్రకి తట్టలేదు. దానికి కనిపించిందేమిటి? బండికి వీపు పెట్టి నిలబడ్డ తండ్రి. తల అడ్డంగా ఊపిన తల్లి. అది తల తిప్పుకుని ముందుకి చూసింది. బండి కదిలి పోయింది.

"...యేసు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమెన్" అని మా ఆయన కళ్ళు తెరిచి, తువ్వాలుతో మొహం తుడుచుకుని ఇటు తిరిగాడు. పట్టాలు ఖాళీగా ఉన్నాయి.

"ఇంకా రాలేదా?"

"వచ్చింది. పోయింది."

ఆయనకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "పోయిందా? మన బండా?" నేను తలూపాను. "ముప్పై నాలుగేళ్ళలో," అన్నాడు, "ముప్పై నాలుగేళ్ళలో ఒక్క బండి కూడా నేను చూడకుండా నా ముందర పోలేదే. దాని బండే పోయిందా?" అంటూ పక్కనున్న బల్ల మీద కూర్చున్నాడు. "నన్ను తట్టకూడదా లీలా?"

"నువ్వు దాని పేరు చెప్తా ఉండావు. ఎట్టా తట్టేది?" నాకు కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "నేను కళ్ళు తెరిచే ఉండా. నీకు తెలవదు గాని, నేనెప్పుడూ ఒక కన్ను తెరిచే ఉంటా. పిల్ల పట్టాల మీదికి పోయిన కాడి నుంచీ."

తిడతాడనుకున్నాను. ఆయన నేల చూపు చూస్తూ అన్నాడు: "తెలుసు."

"తెలుసా?"

"నువ్వు చూస్తా ఉంటావనే గదా, నేను నిమ్మళంగా మూసుకునేది."

ఇన్నేళ్ళు దొంగతనంగా చేసిన పనికి అది జవాబు. నేను సంచీ సర్దుకున్నాను.

డ్యూటీలో ఉన్నప్పుడు ఏంజెలిన్ ఫోన్ లాకర్లో ఉంటుంది, చెప్పే దారి లేదు. ఇక ఆ పిల్ల మనసు విరిగిన మొహంతోనే సాయంత్రం దాకా బండి నడపాలి. నేను ఊరుకోలేకపోయాను. సెక్యూరిటీ అమ్మాయిని పట్టుకుని, వచ్చిన నాలుగు తమిళం ముక్కలతో, ఆ బండి నడిపింది మా కూతురని చెప్పాను. ఆ అమ్మాయి కళ్ళు పెద్దవి చేసి, రెండు వేళ్ళు చూపించి, చెయ్యి గుండ్రంగా తిప్పి, అవతలి ప్లాట్‌ఫాం చూపించింది. ఇంకా రెండు స్టేషన్లే, ఆ తర్వాత అదే బండి అటు వైపు తిరిగొస్తుంది.

మా ఆయన అప్పటికే లేచాడు. మెట్లు దిగి, అవతలి వైపు ఎక్కాలి. దిగడం దిగాడు గాని, ఎక్కే చోట అరవై మెట్లు చూసి, మోకాళ్ళు చూసుకుని, కదిలే మెట్ల దగ్గరికి నడిచాడు. నా భుజం గట్టిగా పట్టుకుని, "ప్రభువా" అని ఒక్క మాట అని ఎక్కేశాడు. ఆయన జీవితంలో అదే అన్నిటికన్నా పొట్టి ప్రార్థన.

అవతలి ప్లాట్‌ఫాం మీద ముందు పెట్టె ఆగే చివరికి పోయి, పసుపు గీతకి రెండడుగులు వెనక, పట్టాల వైపు మొహం పెట్టి నిటారుగా నిలబడ్డాడు. తువ్వాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. చొక్కా సర్దుకున్నాడు. బండి కనిపించగానే కుడిచెయ్యి పక్కకి చాచాడు, జెండా లేని చెయ్యి. ముప్పై నాలుగేళ్ళ అలవాటు, ఇనపకడ్డీలా నిలబడిపోయింది ఆ చెయ్యి.

తీరా చూస్తే ఆ బండిలో ఉన్నది ఎవరో మీసాల కుర్రాడు. వింతగా చూశాడు. మా ఆయన చెయ్యి దించలేదు, ఎవరి బండైతేనేం, ఆల్‌రైట్ ఆల్‌రైటే. ఆ అబ్బాయి పోతూ పోతూ నవ్వి తలూపాడు. సెక్యూరిటీ అమ్మాయి అవతలి ప్లాట్‌ఫాం మీద నుంచి నన్ను చూసి, అది కాదు, తర్వాతది అని వేలు చూపించింది.

ఎనిమిది నిమిషాలు. నేను నిలబడలేక బల్ల మీద కూర్చున్నాను. ఆయన కదల్లేదు.

తర్వాతి బండి ఇంకా దూరంలో ఉండగానే "అదే" అన్నాడు.

"నీకెట్టా తెలుసు?"

"బ్రేకు చూడు. ఎంత మెత్తగా పడతా ఉందో. గ్లాసులో నీళ్ళు కూడా తొణకవు."

చెయ్యి చాచాడు. బండి స్టేషన్‌లోకి వచ్చింది. క్యాబిన్ అద్దం వెనక నా కూతురు, ముందుకే చూస్తూ, పెదవులు బిగబట్టుకుని. దగ్గరికొచ్చాక దాని చూపు ప్లాట్‌ఫాం చివర నిలబడ్డ ముసలాయన మీద పడింది. చాచిన ఆ చేతి మీద పడింది. బండి ఆపాల్సిన చోటే ఆపింది, ఒక అడుగు అటూ ఇటూ కాలేదు. ఆపాక, కూర్చున్న చోటి నుంచి కదలకుండా, తెల్ల చొక్కా చెయ్యి ఒకటి పక్కకి చాచింది. చిన్నప్పటి బిగువే. కళ్ళు మాత్రం నిండిపోయి ఉన్నాయి. అది చెయ్యి దించేదాకా మా ఆయన చెయ్యి దించలేదు.

అప్పుడు నేను ఆయన రెక్క పట్టుకుని లాగాను. ఎక్కేశాం.

సోమవారం అది కాగితం మీద సంతకం పెట్టింది. పెట్టే ముందు ఫోన్ చేసింది. ఈసారి ఆయన పేరు చూసి ఫోన్ నా చేతికివ్వలేదు, గేదె దగ్గరికి తీసుకుపోయి మాట్లాడాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. జాకెట్టుకి కాజాలు కుట్టుకుంటున్నాను. పోస్టుమ్యాన్ పని పోయినందుకు నాకేం బాధ లేదు. కానీ శనివారం సంగతి ఇంకొంచెం ఉంది, అది చెప్పి ముగిస్తాను.

తలుపులు మూసుకున్నాయి. మేం ముందు పెట్టెలో, క్యాబిన్ తలుపుకి ఆనుకున్నట్టే నిలబడ్డాం. ఆ తలుపుకి అవతల మా పిల్ల. పక్క అద్దంలోంచి మిద్దెలు, కొబ్బరిచెట్ల తలలు వెనక్కి పోతున్నాయి. మా ఆయన ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ముందుకే చూస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి.

"ఏందయ్యా, మళ్ళీ మొదలుపెట్టినావా?" అన్నాను.

"ఊఁ" అన్నాడు.

"కళ్ళు తెరుచుకునే?"

"చూడాల గదా" అన్నాడు.

ఏంజెలిన్ పేరు వినిపించింది. ఆ పేరు దగ్గర ఆయన ఆగలేదు. బండి మెత్తగా పోతోంది. నడిపేది నా కూతురు, చూసుకునేది వాళ్ళ నాన్న. ఇక నేను చూడాల్సిందేమీ లేదు. ఆయన చెయ్యి పట్టుకుని, ఇరవై నాలుగేళ్ళ తర్వాత, ప్రార్థనలో రెండు కళ్ళూ మూసుకున్నాను.